ఊగు తగ్గేదాకా

చీమకుర్తి బస్టాండు ఎదురుగా, పంక్చర్ల కొట్టు పైన గదిలో
రెండేళ్లు కూర్చుని ఒక ఆట చేశాను.
ఒక క్రేను, ఒక తాడు, ఒక నల్లరాయి.
ఎడమ బొటనవేలికి బూము తిరుగుతుంది,
కుడి బొటనవేలికి తాడు లేస్తుంది.
క్వారీ గుంటలోంచి రాయి తీసి లారీ మీద పెట్టాలి.
అంతే ఆట.
గురుత్వాకర్షణకి తొమ్మిది పాయింట్ ఎనిమిది అని రాశాను,
పాఠంలో ఉన్నట్టే.
ఇంకేం కావాలి అనుకున్నాను.

మొదట ఆడింది మాలకొండయ్య మామ.
ఇరవై ఆరేళ్లు డెరిక్కు మీద కూర్చున్న మనిషి.
ఫోను మోకాలి మీద పెట్టుకుని వేలు ఆనించాడు.
క్రేను కదల్లేదు.
లుంగీకి తుడుచుకుని మళ్లీ ఆనించాడు.
"నా వేలు దీనికి తెలవడంల్యా పాపా."

నిజమే. రాతిపొడి తిన్న వేలు, గీతలు అరిగిన వేలు.
రేషను మిషనుకే ఆనదట, బియ్యానికి భార్య పోతుంది.
నా అద్దం కూడా ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు.
ఆ రాత్రి బొత్తాలు పీకేసి
అరచెయ్యంత లివరు గీశాను,
వేలి కణుపుతో నెట్టినా ఒప్పుకునేట్టు.

రెండోసారి రాయి లేచింది.
ఆయన మొహం మాత్రం లేవలేదు.

"ఇదేంది, లాగీలాగంగానే వచ్చేస్తుండాది?
ఇరవై టన్నుల రాయి అట్టా రాదు.
ముందు తాడు సాగుద్ది.
తర్వాత బూము తల వంచుద్ది.
నీ కింద సీటు అణుగుద్ది, నీ కడుపుకి తెలుసుద్ది.
రాయి అప్పటికీ ఆడనే ఉంటది,
రావాల్నా, వద్దా అని."

రావాల్నా వద్దా అనే ఆ అనుమానాన్ని
ముప్పావు సెకనుగా రాశాను.

ఒంగోలు కాలేజీ పిల్లలకి ఇచ్చాను.
"అక్కా, హ్యాంగవుతోంది."
"నా ఫోను మంచిదే, నీ గేమే మొద్దు."
జోయెల్ అనే కుర్రాడైతే
ఒక్క చుక్క పడేసి తీసిపారేశాడు.

అదే ముప్పావు సెకను.
ఒకరికి బరువు, ఒకరికి జబ్బు.
అరకి తగ్గించాను, పావుకి తగ్గించాను,
రాయి దూదైపోతే మళ్లీ పెంచాను.
చివరికి దాని జోలికి పోకుండా
ఇంజను మూలుగు ఒకటి జోడించాను,
లివరు నెట్టగానే అడుగు నుంచి మొదలయ్యేట్టు.
జోయెల్ మళ్లీ ఎక్కించుకున్నాడు.
ఇప్పుడు తిట్టడం లేదు, ఆగుతున్నాడు.
ఎందుకు ఆగుతున్నాడో వాడికి తెలీదు.

తర్వాత ఊగు.
రాయి ఊగితే అందరూ వెనక్కే లాగుతారు.
నేనూ అంతే. లాగేకొద్దీ పెరుగుతుంది,
లారీ క్యాబిన్‌ని గుద్దుతుంది, ఆట అయిపోతుంది.
లెక్కలో తప్పుందని వారం వెతికాను.
లెక్క సరిగ్గానే ఉంది.

"దాంతో పోట్లాడబాక.
అదెటు పోతే అటే పో, దాని నెత్తి మీదికి.
పైన నువ్వు చేరినాక ఇంక అదెందుకు ఊగుద్ది?"
ఒక్కసారి చేసి చూపించాడు, కణుపుతో.
మేకుకి తగిలించిన చొక్కాలా
రాయి ఊరుకుంది.

పోతూ పోతూ మెట్ల మీద ఆగాడు.
"కింద మనిషి లేడేంది?"
ఎందుకు మామా అన్నాను.
"మనిషి లేకపోతే చెయ్యి ఎట్టా నేర్చుకుంటది?"

పెట్టాను. పసుపు టోపీ, నీలం చొక్కా.
మొహానికి నాలుగు చుక్కలు.
పేరు పెట్టలేదు.

ఆదివారం వచ్చాడు.
రాయి ఎత్తాడు, సగంలో ఆపాడు.
ఊగు తగ్గింది. లారీ ఖాళీగా ఉంది.
ఆయన దింపలేదు.
కింద కొట్లో ఎవరిదో ట్యూబు తొట్టిలో ముంచారు,
బుడగల చప్పుడు పైకి వచ్చింది.
టీ వచ్చింది, మీగడ కట్టింది.
బ్యాటరీ పదకొండుకి పడింది.
ఏమైంది మామా?
తెర మీద నుంచి కళ్లు తియ్యకుండానే అన్నాడు:
"ఆ మనిషి పక్కకి పోవాల గదా పాపా."

ఆ మనిషికి నేను నడక రాయలేదు.

ఛార్జరు తెచ్చి ఫోనుకి తగిలించి
ఆయన పక్కనే కూర్చుని మొదలుపెట్టాను.
ముందు ఎడమ కాలు.